ఆటయంత్రము – సంస్కరణాధికారము

‘సంస్కరణము’ అను మాట మన పాఠకులకు క్రొత్తది కాదు. ఆచారమునకు సంస్కరణము, విద్యకు సంస్కరణము, భాషకు సంస్కరణము అని నూఱేండ్లకు పైగా మనవారు వ్రాయుచునే యున్నారు. ఒక గ్రంథమును తప్పులు దిద్ది మరల అచ్చు వేసినను దానిని సంస్కరణమనియే అందుము. ఇప్పుడు మా పాఠశాలలోని బాలుర వలన ఈ మాటకు మఱియొక వాడుక నా చెవిని పడినది. చేతిలో పట్టుకొని ఆడెడి యంత్రములోని ఆటకు తయారీదారులు కాలక్రమమున పంపు దిద్దుబాటును వారు ‘అప్‌డేటు’ అందురు. కంప్యూటరు విషయములను తెలుగున వ్రాయువారు దానిని సంస్కరణ మనుచున్నారు. మాట యొకటియే అయినప్పుడు ప్రశ్నయు నొకటియే కాదా? ఒకదానిని సంస్కరించుటకు అధికారి ఎవడు? దానిని చేసినవాడా, వెలయిచ్చి కొన్నవాడా, దాని మర్మము నేర్చినవాడా?

పిల్లలాటను గూర్చి యింత విచారమేల యని కొందఱు నవ్వవచ్చును. మిరపకాయ కల్లములలో ఆరుచుండగా, పత్తి ధర యెట్లుండునో తెలియక రైతు తల పట్టుకొని కూర్చుండగా, బడిపంతులుకు ఆటబొమ్మలపై వ్యాసమా యని మా సహోపాధ్యాయులొకరు పరిహసించిరి. నా మనవి యిది. నేడు ఆటయంత్రమునకు వేసిన తాళమే రేపు మన ఫోనుకును, మోటారు స్టార్టరుకును, ట్రాక్టరుకును పడును. బాలుడు దేనితో ఆడుచు నేర్చునో పెద్దవాడై దానితోనే బ్రతుకును. కావున ఆటయందే ఈ ధర్మమును విచారించుట మేలు.

నేను చెప్పబోవునది నింటెండో అను జపాను సంస్థ 2017 మార్చి 3వ తేదీన విడుదల చేసిన ‘స్విచ్’ అను యంత్రమును గూర్చి. రెండు చేతులతో పట్టుకొనదగిన పలక యది; ఇరుప్రక్కల మీటలుండును; కావలెననిన టీవీకి తగిలించి ఆడవచ్చును. మన ప్రాంతమున నేను చూచినవి అమెరికానుండి వచ్చు బంధువుల పెట్టెలలో వచ్చినవో, ఒకరు వాడి విడువగా చేతులు మాఱి వచ్చినవో అయియున్నవి. మా యింటికి వచ్చినది రెండవ విధమైనది. ‘ఇది మాడ్ చేసినదండీ’ యని ముందుగా చెప్పియే అమ్మినారు. మాడ్ చేయుట యనగా నేమో తెలిసికొన గోరితిని. పదునాలుగేండ్ల మా అబ్బాయియే నాకు తొలిగురు వయ్యెను.

ఈ యంత్రము తయారీదారుల ముద్ర లేని కార్యక్రమమును నడపదు. పూర్వము శాసనమునకు రాజముద్ర యెట్టిదో ఇదియు నట్టిదే. అయితే లక్కతో గాక గణితముతో వేసిన ముద్ర యగుటచే దానిని అనుకరించుట అసాధ్యప్రాయము. ‘మార్చిన’ యంత్రము ముద్ర లేనివానిని సయితము నడపును. ఈ మార్పునకు దారి 2018 ఏప్రిలులో బయటపడెను. కేట్ టెంకిన్ అను పరిశోధకురాలును, మఱియొక పరిశోధకబృందమును వేర్వేరుగా ఒకే దోషమును ప్రకటించిరి. ఎన్విడియా సంస్థ నిర్మించిన టెగ్రా ఎక్స్1 అను చిప్పులో, విద్యుత్తు తగిలిన మరుక్షణమున చదువబడు తొలివాక్యములలో అది యుండెను. బయటివాడు కోరిన పొడవునకు హద్దున్నదా లేదా యని చూడక యంత్రము సమాచారమును నకలు చేసికొనుచు తన చోటు దాటి పోవును. సోలెడు గిన్నెలో కుంచెడు పోసినట్లు పొర్లినది ప్రక్క స్థలములో పడును. ఆ పొర్లినదానిలో మనము వ్రాసిన వాక్యములుండిన యంత్రము వానినే తన వాక్యములనుకొని నడచును.

ఆ తొలివాక్యములు చిప్పును చేయునప్పుడే చెక్కబడినవి. అమ్ముడైన యంత్రములలో వానిని దిద్దుటకు వీలు లేదు. ఆ తరువాత చేసిన యంత్రములలో మాత్రమే దిద్దిరి. చిత్రమేమనగా, యంత్రమంతటిలో సంస్కరణమునకు లొంగని భాగమేదో, దానియందలి దోషమే తక్కిన సమస్తమును ఇతరులు సంస్కరించుటకు ద్వార మయ్యెను. సంఘమునందును ఇట్లే జరుగుట మన మెఱుగుదుము. ఇది దిద్దరానిదని పెద్దలు పట్టుపట్టిన చోటనే మొదటి పగులు కనబడును.

ఇక మార్చిన యంత్రములో ఆట సంస్కరణమును చేర్చు విధమును చెప్పెదను. ఒంగోలులో ఫోనులు మరమ్మతు చేసికొని బ్రతుకు నా పూర్వశిష్యు డొకడు తన సొంత యంత్రముపై చేసి చూపించెను. నాకు ముందుగా ఆశ్చర్యము గొలిపినది ఇది: సంస్కరణము మూలమైన ఆటను చెరపి దాని స్థానమున కూర్చుండదు. మూలము మూలముగనే యుండును; దిద్దుబాటు వేఱొక పొరగా దానిపై నిలుచును. యంత్రము రెంటిని కలిపి చదువును. రెంటికిని భేదము వచ్చినచోట తరువాతిదానినే ప్రమాణముగా గైకొనును. ప్రతి ఆటకును పదునాఱు స్థానముల గుర్తింపుసంఖ్య యొకటి యున్నది. మూలమునకు చివర మూడు స్థానములు 000 కాగా, దిద్దుబాటునకు 800.

“మాస్టారూ, బేసు గేము లేకుండా అప్‌డేటు ఒక్కటీ వేస్తే ఏమీ రాదండీ. దేనిమీద పనిచేస్తుంది?” అని అతడు అనగా నాకు వ్యాకరణపాఠము జ్ఞప్తికి వచ్చెను. పాణిని సూత్రములు రచించెను. కాత్యాయనుడు వానిలో చాలనివానికి, మించినవానికి వార్తికములు చేర్చెను, సూత్రమును చెరపలేదు. పతంజలి రెంటిని విచారించి భాష్యము చెప్పెను. ముగ్గురు మునులలో తరువాతివాని మాట కెక్కువ ప్రామాణ్యమని వైయాకరణుల సంప్రదాయము. సూత్రము లేని వార్తికమునకు అర్థము లేదు. వార్తికము నెఱుగని సూత్రపాఠమునకు పూర్ణత లేదు. రెండువేల యేండ్లకు పూర్వము మనవారు శాస్త్రమును సంస్కరించిన తీరునకు, నేటి యాట సంస్కరణమునకు ఇంత పోలిక యుండుట చూచి, నేను బడిలో ఆ యుదాహరణమునే వాడుచున్నాను. పోలిక ఒకచోట చెడును: ఆటకు పది దిద్దుబాట్లు వచ్చినను పదింటిని వరుసగా చేర్చనక్కఱలేదు. కడపటిదానిలో ముందటివన్నియు ఇమిడియుండును. అది యొక్కటియే చాలును.

చేయు క్రమమున మాత్రము జాగ్రత్త మిక్కిలిగా వలయును. క్రొత్త దిద్దుబాటు, యంత్రము నడపు మూలవ్యవస్థ ఫలానా సంఖ్యకు తక్కువ కారాదని కోరును. మూలవ్యవస్థను పెంచవలెనన్న, మార్పు చేసిన యంత్రమున దానికి తోడుగా నున్న ‘అట్మాస్ఫియర్’ వంటి బయటి వ్యవస్థ ఆ క్రొత్త సంఖ్యను ఎఱిగినదై యుండవలెను. కావున ముందు బయటి వ్యవస్థ, పిదప మూలవ్యవస్థ, ఆ పిదప ఆటకు దిద్దుబాటు. ఈ వరుస తప్పినచో తెర నల్లబడి యూరకుండును. అన్నిటికిని ముందుగా లోపలి జ్ఞాపకశాలకు నకలొకటి తీసి భద్రపఱుపవలెను. ఆటలో ఇంతదాక చేరిన స్థితిని వేఱుగా దాచవలెను. మెమరీ కార్డునకు వాడు ఫ్యాట్32 అను పద్ధతిలో 4 జీబీ మించిన ఫైలు ఇముడదు గనుక పెద్దవానిని ముక్కలు చేయవలసివచ్చును. మూలవ్యవస్థను పెంచునప్పుడు కొన్ని పర్యాయములు చిప్పులోని అతిసూక్ష్మమైన ఫ్యూజులు కాలిపోవును. కాలినవానిని యంత్రము లెక్కించుకొని, పాత వ్యవస్థకు మరల దిగుటను నిరాకరించును. వయస్సు దిగనట్లే ఇదియు దిగదు. నా శిష్యుడు ఇవన్నియు ఒకదానివెంట నొకటి, తొందరపాటు లేక చేయుచుండగా చూచి, ఇతడు బడిలో లెక్కలయందు తప్పెడి బాలుడేనా యని నేను విస్తుపోతిని. చేతికి వచ్చిన విద్య యెప్పుడును చిన్నది కాదు.

ఇంతవఱకు విద్య. ఇక ధర్మము.

మార్చిన యంత్రము ఇంటర్నెట్టు ద్వారమున తయారీదారుల స్థానమునకు పోయినచో అది గుర్తింపబడి వెలివేయబడు భయ మున్నది. కావున యజమానులు దానిని ఆ దారికి పోనీయరు. 2025 మే నెలలో నింటెండో సంస్థ అమెరికావారి ఒడంబడికను మార్చి, నియమము మీఱినచో యంత్రమునే శాశ్వతముగా, పూర్తిగనో కొంతవఱకో, పనికిరాకుండ చేయవచ్చునని వ్రాసికొనెను. వెలయిచ్చి కొన్న వస్తువును అమ్మినవాడు దూరమునుండి చంపవచ్చుననుట మనకు వింతగా తోచును. కాని మన నల్లరేగడి రైతునకు ఇది బొత్తిగా క్రొత్తది కాదు.

పూర్వము పత్తిని పండించిన కాపు గింజను తీసి, కట్టి, మఱుసటి యేటికి దాచుకొనెడివాడు. 2002లో కేంద్రప్రభుత్వము బీటీ పత్తికి అనుమతి నిచ్చెను. ఇది సంకరవిత్తనముగా అమ్మబడుటచే, పండినదానినుండి తీసిన గింజలో రెండవయేట ఆ గుణము నిలువదు. ఏటేట పొట్లము కొనవలసినదే. 450 గ్రాముల పొట్లము వెల మోయరానిదైనప్పుడు 2006లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గుత్తాధిపత్య నియంత్రణ సంఘము నెదుట వాదించి, ఆ వెలను 750 రూపాయలకు దింపెను. 2001 నాటి మొక్కల రకముల, రైతు హక్కుల రక్షణ చట్టములోని 39వ సెక్షను, రైతు తన పంటలోని విత్తును దాచుకొనుటకు, మరల నాటుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు, అమ్ముకొనుటకు హక్కు గలవాడని చెప్పుచున్నది. పేరుముద్ర వేసి మాత్రము అమ్మరాదు. అనగా చేసినవాని కష్టమును మన్నించుచునే, కొన్నవాని చేతిని పూర్తిగా కట్టివేయరాదని ఆ చట్టము ఒప్పుకొన్నది.

అయితే ఇదే పత్తిచేను మఱియొక పాఠమును నేర్పినది. అనుమతి లేని కలుపుమందు తట్టుకొను విత్తనములు పేరు లేని సంచులలో మన జిల్లాలకు వచ్చుచున్నవని కొన్నియేండ్లుగా వినుచున్నాము. పెద్ద కంపెనీ తాళమునుండి తప్పించుకొంటినని రైతు సంతోషించును. మొలక రానప్పుడు ఎవరిని అడుగవలెనో తెలియదు. సంచిపై పేరు లేదు; రసీదు లేదు.

నా శిష్యుని వద్ద కూడ ఈ పేరులేని సంచి యుండెను. తన పని ముగించి యొక హార్డు డిస్కును బల్లపై పెట్టి, “అబ్బాయికి కావలసినవన్నీ దీంట్లో ఉన్నాయండీ. మీ దగ్గర డబ్బులేం తీసుకోను” అనెను. వందలకొలది ఆటలు, వాని దిద్దుబాట్లు, అన్నియు అందుండెను. నా కొడుకు కన్నులు మెఱసినవి. నేను వలదంటిని. త్రోవలో అబ్బాయి నాతో వాదమునకు దిగెను. “నాన్నగారూ, కొనని ఆటలు వద్దన్నారు, సరే. కానీ నా ఆట మనం డబ్బిచ్చి కొన్నదే గదా. దానికి అప్‌డేటు కంపెనీవాళ్ళు అందరికీ ఊరికే ఇస్తారు. అది ఒక్కటి తీసుకుంటే ఎవరికి నష్టం?”

వాని ప్రశ్న న్యాయమైనది. కార్డు రూపమున కొన్న ఆటలో వంతెన దాటుచోట ఆట నిలిచిపోవు దోషముండెను. దానిని దిద్దిన సంస్కరణము ఉచితముగా వెలువడియున్నది. దానియందు వానికి హక్కు లేదని నేననలేను. మన 1957 నాటి కాపీహక్కు చట్టములోని 52వ సెక్షను, న్యాయముగా కార్యక్రమమును పొందినవాడు అది చెడిపోవునేమో యని రక్షణకై నకలు తీసికొనుటను దోషముగా నెంచదు. 2012లో చేర్చిన 65ఏ సెక్షను, రచయితల హక్కును భంగపఱచు ఉద్దేశముతో తాళము తీసినవానికి రెండేండ్లవఱకు చెఱయు జరిమానాయు విధించును. ఆ ‘ఉద్దేశము’ అను మాట గమనింపదగినది. అమెరికాలో 1998 నాటి చట్టము తాళము తీయుటనే సామాన్యముగా నిషేధించి, కొన్ని మినహాయింపుల నిచ్చుచున్నది. దొంగప్రతులు ఆడుటకై పరికరములు అమ్మిన ముఠాలోని గ్యారీ బౌసరు అనువానికి 2022 ఫిబ్రవరిలో అచటి న్యాయస్థానము 40 నెలల శిక్ష విధించెను. తన వస్తువును బాగుచేసికొనువానిని, పరుల శ్రమను అమ్ముకొనువానిని ఒకే గాటను కట్టరాదు; కాని రెండవవాడు మొదటివాని వేషమున తిరుగుట లోకమున తఱచు.

నేను అబ్బాయికి చెప్పిన సమాధానము హక్కును గూర్చినది కాదు. తాళము రెండు పనులు చేయుచుండెను. మన చేతిని కట్టెను. దొంగ చేతిని కూడ కట్టెను. మార్పు చేసినప్పుడు రెండు కట్లును తెగినవి. ముద్రను పరీక్షించు పని యంత్రము మానినది. కావున ఆ పని యజమానునిపై పడినది. ముక్కు మొగము తెలియనివాని డిస్కులోని ఫైలును, ఇది తయారీదారులు పంపినదేనా, నడుమ నెవరైన నేదైన చొప్పించిరా యని విచారింపక చేర్చుట యనగా, తలుపు తీసి కావలివానిని కూడ పంపివేయుట. ఇట్టి విపత్తు కల్పన కాదు. సోనీ వారి పీఎస్‌పీ యను చేతియంత్రము 2004 డిసెంబరులో జపానున వెలువడెను. ఏడాది తిరుగకముందే, 2005 అక్టోబరులో, మూలవ్యవస్థను పాతదానికి దింపు సాధన మను పేర నొక విషకార్యక్రమము వ్యాపించెను. దానిని నడపినవారి యంత్రములలో ముఖ్యమైన ఫైలులు తుడిచిపెట్టబడి, యంత్రము ఇటుకవలె పడియుండెను.

మన పూర్వులు ముద్రాయంత్రము లేని కాలమున వేదమును అక్షరము చెదరక కాపాడిరి. పదపాఠము, క్రమము, జట, ఘనము అని యొకే మంత్రమును ముందుకును వెనుకకును మార్చి మార్చి వల్లించుటచే ఒక స్వరము జాఱినను అది యచటనే పట్టుబడుచుండెను. నేడు ఫైలునకును ఇట్టి పరీక్ష కలదు. గణితముచే దానినుండి యొక చిన్న సంఖ్యాముద్ర తీయుదురు. ఫైలులో ఒక్క బిందువు మాఱినను ఆ ముద్ర మాఱిపోవును. నమ్మదగిన చోట ప్రకటించిన ముద్రతో మన చేతి ఫైలు ముద్రను పోల్చి చూచుకొనుట నిమిషము పని. ఆ నిమిషమును వెచ్చించువారు నాకు అరుదుగా కనబడిరి.

మా అబ్బాయి సమస్య తుదకు తీఱిన విధము చాల సులువైనది. తయారీదారులే ఈ యంత్రమున నొక చిన్న మార్గము నుంచియున్నారు. ఒకే ఆట గల రెండు యంత్రములు దగ్గఱ నున్నచో, ఇంటర్నెట్టుతో పని లేక, ఒకదానిలోని క్రొత్త సంస్కరణము రెండవదానికి అందును. వాని సహపాఠి యొకనికి అదే ఆట, మార్పు చేయని యంత్రమున, సక్రమముగా దిద్దబడి యుండెను. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టిరి. తాటియాకు ప్రతిని పొరుగూరి పండితునివద్ద తెచ్చుకొని వ్రాసికొన్నట్లు, సంస్కరణము ఒక చేతినుండి మఱియొక చేతికి వచ్చెను. ఎవరివద్దనుండి వచ్చినదో తెలియును. వచ్చినది దొంగసొత్తు కాదని తెలియును. వంతెన దాటుట సాధ్యమయ్యెను.

ఇంతమాత్రమున తాళము వేసినవారిదంతయు న్యాయమని నా యభిప్రాయము కాదు. ఇదే సంస్థ 2011లో వెలువరించిన 3డీఎస్ యంత్రమునకు ఆటలమ్ము దుకాణమును 2023 మార్చిలో మూసివేసెను. ఆ దుకాణమున తప్ప మఱెచటను దొరకని ఆటలను క్రొత్తగా కొనుటకు న్యాయమైన దారి లేకపోయెను. అమెరికాలో 2010కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అమ్మకమున లేవని ఆటల చరిత్రను కాపాడు సంస్థ యొకటి 2023లో లెక్క తేల్చెను. రేపు దిద్దుబాట్లు పంపు స్థానములును మూతపడినచో, దోషములతో నిలిచిపోయిన మూలమును, దిద్దిన పాఠమును భద్రపఱచినవారు ఈ మార్పరులే యగుదురు. తాళపత్రములు చెదలపాలగుచున్న కాలమున సీ. పీ. బ్రౌను పండితులకు జీతములిచ్చి, ప్రతులు వ్రాయించి, పాఠభేదములు చూపించెను. ఆ శ్రమ లేకున్నచో మన వాఙ్మయమున ఎంత నశించియుండునో యెవరు చెప్పగలరు? చేసినవాడు విడిచిపెట్టినదానిని కాపాడుట నేరమైనచో, లోకమున గ్రంథాలయమే నేరము.

కావున నేను మొదట వేసిన ప్రశ్నకు నాకు తోచిన యుత్తరమిది. సంస్కరణాధికారము చేసినవానికి మాత్రమే లేదు, కొన్నవానికి నున్నది. కాని కొన్నంతమాత్రమున అది సిద్ధింపదు. ఆ వస్తువు నడచు క్రమమును తెలిసికొనవలెను. చేర్చునది యెక్కడిదో విచారింపవలెను. చెడినచో ఇతరులను నిందింపక తానే పూచీపడవలెను. ఆచారములను సంస్కరించినవారికిని మనము ఈ మూడు గుణములనే కోరినాము. కట్టు తెంపుటయే సంస్కరణమనుకొన్నవారు అచటను చెడగొట్టిరి, ఇచటను చెడగొట్టుచున్నారు.

ఉపాధ్యాయులకు నా విన్నపము. ఈ యంత్రములను బాలుర చేతినుండి లాగికొనుట సులభము. దానివలన వారు నేర్చునది దాచుట మాత్రమే. అంతకంటె వారి ప్రక్కన కూర్చుండి, ‘నాయనా, ఇది యెక్కడనుండి వచ్చినది? దీనికి ముందు నేది యుండవలెను? చెడిన వెనుకకు దారి యున్నదా?’ యని అడుగుడు. ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పగల బాలుడు రేపు విత్తనపు సంచిని విప్పునప్పుడును, ఫోనులోనికి వచ్చిన అప్పు కాగితమునకు ఔనని నొక్కునప్పుడును, వానినే మరల వేసికొనును.